ఆర్‌వీలో ఉచితంగా, తక్కువ ఖర్చుతో రాత్రి ఎక్కడ ఆగొచ్చు? అమెరికాలో మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఆర్‌వీ, అంటే పడక, వంటగది ఉండే పెద్ద బండి, కొన్నా, అద్దెకి తీసుకున్నా, అసలు షాక్ ఇచ్చేది రాత్రి ఆగే చోటు. పేరున్న నేషనల్ పార్కుల చుట్టుపక్కల ప్రైవేటు ఆర్‌వీ పార్కులో ఒక్క రాత్రికి 60, 80 డాలర్లు మామూలే, లాంగ్ వీకెండ్ అయితే వంద కూడా దాటుతుంది. హోటల్ ఖర్చు మిగులుతుందని బయల్దేరినవాళ్లకి ఇది మింగుడుపడదు. మన తెలుగు కుటుంబాలు ఎక్కువగా అడిగే ప్రశ్నలకి జవాబులు ఇవి.

ఉచితంగా ఆగడం చట్టప్రకారం సరేనా? ఎవరైనా వచ్చి లేపేస్తారా?

సరైన భూమి మీద ఆగితే పూర్తిగా సరే. విషయమంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది: మీ చక్రాల కింద ఉన్న నేల ఎవరిది? కేంద్ర ప్రభుత్వానిదా, రాష్ట్రానిదా, కౌంటీదా, షాపువాళ్లదా, లేక ఎవరో రైతుదా? యజమాని ఎవరో తెలిస్తే రూలు తెలుస్తుంది, రూలు తెలిస్తే టెన్షన్ ఉండదు. "అక్కడ అందరూ ఆగుతున్నారు కదా" అన్నది మాత్రం అనుమతి కిందకి రాదు.

బీఎల్‌ఎమ్ ల్యాండ్ అని అందరూ అంటుంటారు. అదేంటి?

బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్. కేంద్ర ప్రభుత్వ సంస్థ, సుమారు 24.5 కోట్ల ఎకరాలు దీని చేతిలో ఉన్నాయి. దాదాపు అంతా పశ్చిమ రాష్ట్రాల్లో, అలాస్కాలోనే: నెవాడా, యూటా, ఆరిజోనా, వయోమింగ్ వగైరా. వద్దని బోర్డు పెట్టని చాలా చోట్ల మీ బండి ఆపుకుని ఉచితంగా ఉండొచ్చు. దీన్నే డిస్పర్స్‌డ్ క్యాంపింగ్ అంటారు. కరెంటు, కుళాయి, టాయిలెట్, చెత్తబుట్ట ఏవీ ఉండవు. రిజర్వేషన్ కూడా ఉండదు, ముందు వచ్చినవాళ్లది చోటు.

మామూలు లెక్క 28 రోజుల్లో 14 రోజులు. ఆ తర్వాత కదలాలి. కదలడమంటే పక్క చెట్టు కిందకి జరగడం కాదు, చాలా చోట్ల 25 మైళ్లు దూరం పోవాలంటారు. జనం ఎక్కువగా వచ్చే చోట్ల ఈ గడువు ఇంకా తక్కువ ఉండొచ్చు. అందుకే ఆ ఏరియా చూసే ఫీల్డ్ ఆఫీసు పేజీ ఒకసారి చదవండి.

నేషనల్ ఫారెస్ట్, నేషనల్ పార్క్ ఒకటి కాదా?

కాదు. ఈ తేడా తెలియకే చాలామంది డబ్బు పోగొట్టుకుంటున్నారు. నేషనల్ పార్కుల్లో కేటాయించిన క్యాంప్‌గ్రౌండ్‌లో తప్ప ఎక్కడపడితే అక్కడ బండిలో పడుకోవడం కుదరదు. పార్కింగ్ లాట్‌లో నిద్రపోయినా రేంజర్ వచ్చి టికెట్ రాస్తాడు. నేషనల్ ఫారెస్ట్‌లు మాత్రం ఫారెస్ట్ సర్వీస్ కిందివి, దేశమంతా కలిపి 154 ఉన్నాయి. వాటిలో చాలావరకు డిస్పర్స్‌డ్ క్యాంపింగ్‌కి ఒప్పుకుంటాయి. పైగా చాలా పార్కులకి ఆనుకునే ఏదో ఒక ఫారెస్ట్ ఉంటుంది. పగలు పార్కులో, రాత్రి ఫారెస్ట్‌లో అన్నది పాతకాపులు అందరూ చేసే పనే.

ఉదాహరణకి ఏయే పార్కుల దగ్గర అలా కుదురుతుంది?

గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్‌కి వెళ్లేవాళ్లకి టుసయాన్ ఊరి చుట్టూ కైబాబ్ నేషనల్ ఫారెస్ట్. పైన్ చెట్ల మధ్య మట్టి రోడ్ల పక్కన ఆగొచ్చు. జాషువా ట్రీకి దక్షిణాన కాటన్‌వుడ్ గేటు బయట, ఐ-10 వైపు, బీఎల్‌ఎమ్ ఎడారి నేల ఉంది. సౌత్ డకోటాలో బ్యాడ్‌ల్యాండ్స్ పక్కనే, వాల్ అనే ఊరి దగ్గర, బఫలో గ్యాప్ నేషనల్ గ్రాస్‌ల్యాండ్ ఉంది. అక్కడ కొండ అంచునే బండ్లు వరసగా నిలబడి ఉంటాయి, ఫొటోలు చూస్తే కళ్లు చెదురుతాయి. కానీ గాలి గట్టిగా వీచే రాత్రి ఆ అంచున ఆర్‌వీ ఊగిపోతుంది. పిల్లలుంటే అంచుకి బాగా దూరంగా ఆపడమే నయం.

గ్రాండ్ టీటన్ దగ్గర బ్రిడ్జర్-టీటన్ ఫారెస్ట్‌లో షాడో మౌంటెన్ వైపు కూడా ఉచితమే, అయితే వేసవిలో 5 రోజులే ఉండనిస్తారు. జులైలో మధ్యాహ్నం తర్వాత అక్కడ చోటు దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు. కాలిఫోర్నియాలో లోన్ పైన్ పక్కన అలబామా హిల్స్‌లో ఒకప్పుడు ఇష్టం వచ్చిన చోట ఆగేవాళ్లు. జనం తాకిడి పెరిగాక ఇప్పుడు పర్మిట్ తీసుకుని, గుర్తు పెట్టిన చోట్లలోనే ఆగాలి. మోఆబ్ చుట్టుపక్కలా అంతే, ఉచితంగా ఆగే చాలా ప్రాంతాలు మూసేశారు. పాత వీడియో చూసి బయల్దేరితే ఇబ్బందిపడేది ఇలాంటి చోట్లే.

యాప్‌లో చోటు కనిపించింది. నేరుగా వెళ్లిపోవచ్చా?

ఐఓవర్‌ల్యాండర్, క్యాంపెండియం, ది డర్ట్ లాంటివి వెతుకులాట మొదలుపెట్టడానికి బాగుంటాయి. కానీ అందులో పిన్ పెట్టింది మనలాంటి ఒక ప్రయాణికుడే, భూమి యజమాని కాదు. కాబట్టి ముందురోజు సాయంత్రం ఇంట్లోనో, సిగ్నల్ ఉన్న చోటో కూర్చుని ఒక అరగంట పని చేయాలి.

మొదట రివ్యూల తేదీలు చూడండి. గత రెండు మూడు నెలల్లో ఎవరైనా వెళ్లారా, వెళ్లినవాళ్లది ఏ బండి? "రోడ్డు బాగుంది" అని జీప్‌వాడు రాస్తే అది 30 అడుగుల మోటర్‌హోమ్‌కి పనికొచ్చే సమాచారం కాదు.

తర్వాత శాటిలైట్ వ్యూ తెరిచి, తారురోడ్డు దిగిన దగ్గర్నుంచి ఆ పిన్ దాకా మట్టిరోడ్డు మీద వేలు పెట్టి నెమ్మదిగా వెళ్లండి. గడ్డి మధ్యలో తెల్లగా, గుండ్రంగా కనిపించే మచ్చలు అంతకుముందు బండ్లు ఆగిన చోట్లు. అలాంటి పాత చోట్లలోనే ఆగాలి, కొత్తగా మొక్కలు తొక్కి దారి చేయకూడదు. దారిలో వాగు అడ్డం పడుతోందా? చివర్లో బండి తిప్పుకునే జాగా ఉందా? లేకపోతే ఆ పెద్ద బండిని రివర్స్‌లో వెనక్కి తేవాలి. ఇంట్లోవాళ్లు దిగి చేతులూపుతూ ఉంటే మీరు అద్దాల్లో చూస్తూ ఒక మైలు రావడం ఊహించుకోండి.

మూడోది, భూమి ఎవరిదో చూడటం. గయా జీపీఎస్, ఆన్ఎక్స్ లాంటి యాప్‌లలో ప్రభుత్వ భూమి, ప్రైవేటు భూమి వేర్వేరు రంగుల్లో కనిపిస్తాయి. నేషనల్ ఫారెస్ట్ అయితే మోటర్ వెహికల్ యూజ్ మ్యాప్ అని ఫారెస్ట్ సర్వీస్ ఉచితంగా ఇస్తుంది. నలుపు తెలుపు మ్యాపు, చూడ్డానికి ఏమాత్రం బాగోదు. కానీ ఏ రోడ్డు మీద బండి వెళ్లొచ్చో తేల్చి చెప్పే కాగితం అదే. రోడ్డు గీత పక్కన చుక్కలుంటే ఆ రోడ్డు వెంట క్యాంపింగ్‌కి అనుమతి ఉన్నట్టు. అవెంజా యాప్‌లో దింపుకుంటే సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుంది.

అప్పటికీ అనుమానంగా ఉంటే రేంజర్ డిస్ట్రిక్ట్ ఆఫీసుకి ఫోన్ చేయండి. మనవాళ్లు ప్రభుత్వ ఆఫీసుకి ఫోన్ అంటేనే వెనకాడతారు గానీ, ఇక్కడ ఓపిగ్గా చెప్తారు. మీ బండి పొడవు చెప్పి, "నిన్న మొన్న వాన పడిందా, రోడ్డు ఎలా ఉంది" అని అడగండి చాలు. యూటా, సౌత్ డకోటా వైపు కొన్ని బంకమట్టి రోడ్లు ఎండలో సిమెంటులా ఉంటాయి, చిన్న జల్లు పడితే టైర్లకి మందంగా చుట్టుకుపోయి బండి కదలదు. అక్కడ టో ట్రక్కుకి అయ్యే ఖర్చుతో ఆర్‌వీ పార్కులో వారం ఉండొచ్చు.

మేం ఉండేది డల్లాస్‌లో. ఇవన్నీ పశ్చిమాన ఉన్నాయి, మా సంగతేంటి?

నిజమే, టెక్సస్‌లో భూమి దాదాపు అంతా ప్రైవేటే. తూర్పు రాష్ట్రాల్లోనూ ఉచితంగా దొరికేది తక్కువ. అక్కడ "ఉచితం" కన్నా "చవక" అని వెతకడం తెలివైన పని. ఆ వెతుకులాటలో మొదటి పేరు ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్. డ్యాములు కట్టింది వీళ్లే కాబట్టి 400కి పైగా చెరువుల ఒడ్డున వీళ్లకి పార్కులున్నాయి. డల్లాస్ దగ్గర లూయిస్‌విల్ లేక్, గ్రేప్‌వైన్ లేక్, అట్లాంటా దగ్గర లేక్ లేనియర్, అలటూనా అన్నీ వీళ్లవే. చాలా క్యాంప్‌గ్రౌండ్‌లలో కరెంటు, నీళ్లు ఉంటాయి, నీటి పక్కనే చోటు, రేటు మాత్రం ప్రైవేటు పార్కు కన్నా బాగా తక్కువ. రిక్రియేషన్ డాట్ గవ్ సైట్‌లో బుక్ చేసుకోవాలి. వేసవి వారాంతాలు ముందే నిండిపోతాయి, ఆదివారం రాత్రి నుంచి గురువారం దాకా తేలిగ్గా దొరుకుతుంది.

టెక్సస్‌లోనే కార్పస్ క్రిస్టీ దగ్గర పాడ్రే ఐలండ్ నేషనల్ సీషోర్‌లో సముద్రపు ఒడ్డున, ఇసుక మీదే ఆగొచ్చు. పార్కు ప్రవేశ రుసుము కట్టి, అక్కడే పర్మిట్ నింపుకుంటే సౌత్ బీచ్‌లో క్యాంపింగ్‌కి వేరే డబ్బు లేదు. మొదటి 5 మైళ్లు మామూలు బండ్లు వెళ్తాయి, ఆ తర్వాత ఫోర్ వీల్ డ్రైవ్ మాత్రమే. ఇసుక మెత్తగా ఉన్న రోజు ఆ 5 మైళ్లలోనూ జాగ్రత్త. డల్లాస్‌కి వాయవ్యాన డెకేటర్ దగ్గర ఎల్‌బీజే నేషనల్ గ్రాస్‌ల్యాండ్స్ కూడా చూసుకోండి.

మిజోరీలో రాష్ట్ర కన్జర్వేషన్ ఏరియాలు చాలా వాటిలో క్యాంపింగ్ ఉచితం. ఫ్లోరిడాలో వాటర్ మేనేజ్‌మెంట్ డిస్ట్రిక్టులు తమ భూముల్లో ఉచితంగా ఆగనిస్తాయి, కాకపోతే ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి. ఇక కాన్సస్, నెబ్రాస్కా, అయోవా లాంటి చోట్ల చిన్న ఊళ్ల సిటీ పార్కులు, కౌంటీ పార్కులు ఉన్నాయే, వాటిని ఎవరూ పట్టించుకోరు! కొన్నిచోట్ల కరెంటు ప్లగ్గుతో సహా చాలా తక్కువకి దొరుకుతాయి. డబ్బు కవర్‌లో పెట్టి అక్కడున్న డబ్బాలో వేయాలి. కాబట్టి దగ్గర చిల్లర నోట్లు ఉంచుకోండి.

అమ్మానాన్నలు కూడా వస్తున్నారు. సీనియర్ డిస్కౌంట్ ఏమైనా ఉందా?

గ్రీన్ కార్డ్ గానీ సిటిజన్‌షిప్ గానీ ఉండి, 62 ఏళ్లు నిండితే ఉంది, చాలా పెద్దదే. ఫెడరల్ సీనియర్ పాస్ 80 డాలర్లు, జీవితాంతం చెల్లుతుంది. ఒక్క ఏడాదికే కావాలంటే 20 డాలర్లు. పార్కుల ప్రవేశం సంగతి అలా ఉంచితే, కోర్ ఆఫ్ ఇంజనీర్స్, ఫారెస్ట్ సర్వీస్, బీఎల్‌ఎమ్ క్యాంప్‌గ్రౌండ్‌లలో చాలాచోట్ల సైటు ఛార్జీ సగానికి తగ్గుతుంది. పాస్ ఉన్న మనిషి మీతోపాటే ఉండాలి, ఫొటో ఐడీ అడుగుతారు. శాశ్వత వైకల్యం ఉన్నవాళ్లకి యాక్సెస్ పాస్ ఉచితం, దానికి వయసుతో పనిలేదు. విజిటర్ వీసా మీద వచ్చిన తల్లిదండ్రులకి మాత్రం ఇవేవీ వర్తించవు.

వాల్‌మార్ట్‌లో ఆగొచ్చని విన్నాం.

కొన్నిటిలో ఆగొచ్చు. అన్నిటిలో కాదు. స్టోర్ మేనేజర్ ఒప్పుకోవాలి, ఆ ఊరి రూలు కూడా ఒప్పుకోవాలి. ఫోన్ చేసి అడగడమో, లోపలికెళ్లి కస్టమర్ సర్వీస్‌లో అడగడమో చేయండి. క్రాకర్ బ్యారల్, కబేలాస్, కొన్ని కసీనోలు కూడా ఇలాగే. పైలట్ ఫ్లయింగ్ జే, లవ్స్ లాంటి ట్రక్ స్టాపుల్లో ఆగేటప్పుడు ట్రక్కుల వరసలో కాకుండా ఆర్‌వీలకి చూపించిన చోటే ఆపండి. రోజంతా నడిపి వచ్చిన ట్రక్ డ్రైవర్‌కి ఉన్నది ఆ ఒక్క జాగానే.

పార్కింగ్ లాట్ అన్నది క్యాంప్‌గ్రౌండ్ కాదు. ఒక్క రాత్రి, లాట్ చివర్లో, స్లైడ్‌లు (పక్కకి జరిగి గదిని పెద్దది చేసే భాగాలు) బయటకి తీయకుండా. కుర్చీలు వేయడం, గ్రిల్ వెలిగించడం, తాడు కట్టి బట్టలు ఆరేయడం వద్దే వద్దు. ఇలాంటివి చూసే చాలా స్టోర్లు ఆగొద్దని బోర్డులు పెట్టేశాయి.

హైవే రెస్ట్ ఏరియాలో నిద్రపోవచ్చా?

రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. టెక్సస్‌లో 24 గంటల దాకా ఉండొచ్చు. కాలిఫోర్నియా, వాషింగ్టన్‌లలో 8 గంటలు. ఫ్లోరిడాలో 3 గంటలే. కునుకు తీయడానికి సరే గానీ, రాత్రంతా ట్రక్కుల మోత, లైట్లు.

ఊళ్లో వీధి పక్కన?

వద్దు. చాలా నగరాల్లో బండిలో నిద్రపోవడం మీద నిషేధాలున్నాయి. 2024లో గ్రాంట్స్ పాస్ కేసులో సుప్రీం కోర్టు తీర్పు వచ్చాక బహిరంగ స్థలాల్లో పడుకోవడం మీద నగరాలు ఇంకా గట్టి పడ్డాయి. మనం టూరిస్టులమని పోలీసుకి వివరించే పరిస్థితి ఎందుకు తెచ్చుకోవడం?

హార్వెస్ట్ హోస్ట్స్, పాస్‌పోర్ట్ అమెరికా లాంటి మెంబర్‌షిప్‌లు గిట్టుబాటేనా?

హార్వెస్ట్ హోస్ట్స్‌లో ఏడాది సభ్యత్వం కడితే వైనరీలు, పొలాలు, మ్యూజియంల దగ్గర ఒక రాత్రి ఉచితంగా ఆగనిస్తారు. ఆగినందుకు వాళ్ల దగ్గర ఏదో ఒకటి కొనడం మర్యాద. మందు అలవాటు లేని కుటుంబమైతే పొలాలు, తోటలు ఎంచుకోండి, పిల్లలకి మేకలూ కోళ్లూ కనిపిస్తాయి. బండిలో సొంత టాయిలెట్ తప్పనిసరి. ఇళ్ల దగ్గర ఆగనిచ్చే బూన్‌డాకర్స్ వెల్‌కమ్ కూడా 2021 నుంచి ఈ కంపెనీదే.

పాస్‌పోర్ట్ అమెరికా వేరే రకం, చేరిన ప్రైవేటు పార్కుల్లో సగం ధరకే ఇస్తారు. కాకపోతే వారాంతాల్లో వద్దు, సీజన్‌లో వద్దు అని షరతులుంటాయి. ఏడాదికి ఒక్క ట్రిప్పు వేసేవాళ్లకి ఈ రెండూ అక్కర్లేదన్నది నా అభిప్రాయం. నెల రోజులు రోడ్డు మీద ఉండేవాళ్లకి మాత్రం తొందరగానే గిట్టుబాటవుతాయి.

అద్దె ఆర్‌వీతో మట్టి రోడ్డెక్కొచ్చా?

అగ్రిమెంట్ చదివాకే. చాలా కంపెనీలు మట్టి రోడ్ల మీదకి తీసుకెళ్లొద్దని రాస్తాయి, వెళ్తే అక్కడ జరిగిన నష్టానికి ఇన్సూరెన్స్ పనిచేయకపోవచ్చు. అలాంటప్పుడు కోర్ పార్కులు, హార్వెస్ట్ హోస్ట్స్, షాపుల లాట్‌లే మీకు దారి. జనరేటర్‌కి గంట లెక్కన ఛార్జీ ఉందా అన్నది కూడా అడగండి. రాత్రంతా ఏసీ వేస్తే "ఉచిత" చోటు కాస్తా ఆర్‌వీ పార్కు రేటుకి చేరుతుంది.

కరెంటు, నీళ్లు లేకుండా మన వంట కుదురుతుందా?

స్టవ్, ఫ్రిజ్ ప్రొపేన్ మీద నడిచేవైతే అన్నం, పప్పు, కూరలకి ఇబ్బంది లేదు. మామూలు కుక్కర్ తెచ్చుకోండి, ఎలక్ట్రిక్ కుక్కర్ ఇంట్లో వదిలేయండి. మిక్సీ 750 వాట్లు ఉంటుంది, అది తిరగాలంటే జనరేటరో, పెద్ద ఇన్వర్టరో కావాలి. అద్దె బండ్లలో చాలావాటికి ఇన్వర్టర్ ఉండదు. చట్నీలు, అల్లంవెల్లుల్లి ముద్ద ఇంట్లోనే చేసి డబ్బాల్లో పెట్టుకుంటే ఆ గొడవే లేదు. చాలా మోటర్‌హోమ్‌ల జనరేటర్ బండి ట్యాంకులోని పెట్రోల్‌నే వాడుతుంది. ట్యాంకు పావుకి పడితే దానంతటదే ఆగిపోతుంది. చెడిపోయిందని కంగారుపడకండి.

ముందు అయిపోయేది కరెంటు కాదు, నీళ్లు. అంతకన్నా ముందు నిండిపోయేది వాడిన నీళ్లు పోయే గ్రే ట్యాంకు. సాంబారు గిన్నె కుళాయి కింద పెట్టి కడిగితే ట్యాంకూ నిండుతుంది, నాలుగు రోజుల తర్వాత బండంతా వాసనా వస్తుంది. గిన్నెలు, కంచాలు మొదట పేపర్ టవల్‌తో తుడిచేసి, ఆ కాగితం చెత్తలో వేసి, తర్వాత రెండు చెంబుల నీళ్లతో కడగండి. నూనె ఎప్పుడూ సింకులో పోయొద్దు.

ట్యాంకులు ఎక్కడ ఖాళీ చేయాలి?

డంప్ స్టేషన్లోనే. నేల మీద వదిలితే ఫైన్. ట్రక్ స్టాపుల్లో మామూలుగా 10 నుంచి 20 డాలర్లు, వాషింగ్టన్ లాంటి రాష్ట్రాల్లో కొన్ని రెస్ట్ ఏరియాల్లో ఉచితం. ముందు బ్లాక్ (టాయిలెట్ ట్యాంకు), తర్వాత గ్రే. సబ్బు నీళ్లు గొట్టాన్ని శుభ్రం చేసుకుంటూ పోతాయి. చేతులకి గ్లవ్స్ మర్చిపోవద్దు.

చలికాలమంతా ఒకేచోట ఉండాలంటే?

ఆరిజోనా, కాలిఫోర్నియా ఎడారుల్లో బీఎల్‌ఎమ్ వాళ్ల లాంగ్ టర్మ్ విజిటర్ ఏరియాలు ఉన్నాయి, క్వార్ట్‌జ్‌సైట్ దగ్గర లా పోసా అందులో పెద్ద పేరు. సెప్టెంబర్ 15 నుంచి ఏప్రిల్ 15 దాకా సీజన్. ఒక్క పర్మిట్ తీసుకుంటే 14 రోజుల రూలుతో పనిలేదు. రిటైరయిన అమెరికన్లు వేల మంది అక్కడే చలికాలం గడుపుతారు. వర్క్ ఫ్రమ్ హోమ్ ఉన్నవాళ్లకీ బాగుంటుంది, సిగ్నల్ ఒక్కటి ముందే చూసుకోండి.

వీసా మీద ఉన్నాం. కాగితాలు వెంట ఉంచుకోవాలా?

తప్పకుండా. 18 ఏళ్లు దాటిన నాన్ సిటిజన్లు తమ రిజిస్ట్రేషన్ పత్రాలు దగ్గరే ఉంచుకోవాలని చట్టమే చెబుతోంది. చలికాలంలో ఆర్‌వీలు ఎక్కువగా తిరిగే దక్షిణ ఆరిజోనా, పశ్చిమ టెక్సస్ రోడ్ల మీద బోర్డర్ పెట్రోల్ చెక్‌పోస్టులు ఉన్నాయి, ఐ-10 మీద సియెర్రా బ్లాంకా దగ్గరది అందులో ఒకటి. సరిహద్దు దాటకపోయినా సరే ఆపుతారు. గ్రీన్ కార్డ్, లేదా పాస్‌పోర్ట్, ఐ-94 ప్రింట్ బండిలో చేతికందే చోట పెట్టండి.

చలిమంట వేసుకోవచ్చా?

ఆ రోజు ఫైర్ రిస్ట్రిక్షన్లు లేకపోతేనే. కాలిఫోర్నియాలో ప్రభుత్వ భూముల మీద మంటకి ఉచిత పర్మిట్ తీసుకోవాలి. కట్టెలు అక్కడే కొనండి, దూరం నుంచి మోసుకొస్తే చెట్లని చంపే పురుగులు కూడా వాటితో వస్తాయి.

అర్ధరాత్రి ఎవరైనా తలుపు కొడితే?

తలుపు తీయకండి, కిటికీలోంచి మాట్లాడండి. సాధారణంగా అది సెక్యూరిటీ గార్డో, పోలీసో అయ్యుంటారు, ఇక్కడ ఆగకూడదని చెప్పడానికే వస్తారు. వాదన పెట్టుకోకుండా "సరే, వెళ్లిపోతాం" అనేయండి. ఆ మాట అన్నాక నిజంగా ఐదు నిమిషాల్లో కదలగలగాలి. అందుకే లాట్‌లలో ఆగినప్పుడు జాక్‌లు (బండి కదలకుండా నిలబెట్టే కాళ్లు) దించొద్దు, డ్రైవర్ సీటు మీద సామాన్లు, దుప్పట్లు పడేయొద్దు, తాళాలు రోజూ ఒకే చోట పెట్టండి. అరగంట దూరంలో ఉన్న రెండో చోటు అడ్రస్ చీకటి పడకముందే జీపీఎస్‌లో వేసి ఉంచుకోండి. పిల్లలు ఏడుస్తుంటే, ఒక గీత సిగ్నల్‌తో దాన్ని వెతకడం కష్టం.